నీలవేణి బ్రిటిష్ బుక్కు

2000 సంవత్సరం. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు పక్కసందులో, పూలకొట్టు మీది అంతస్తులో ఒక ట్రావెల్ ఏజెన్సీ. అందులో వీసా కౌంటర్ నాది. ఆ ఏడాది కంప్యూటర్ ఉద్యోగాల జోరు ఎలా ఉండేదంటే, సోమవారం చాంగీ విమానాశ్రయంలో దిగినవాడు శుక్రవారానికల్లా ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాజెక్టుకి టికెట్ కావాలంటూ మా మెట్లెక్కేవాడు. గుంటూరు, కర్నూలు, వరంగల్ యాసలన్నీ మా కౌంటర్ ముందు కలిసిపోయేవి. తెలుగువాళ్ళు ఎవరొచ్చినా నా దగ్గరికే పంపేవారు. ఊరికి ఈ కొసనున్న టాంపినీస్ నుంచి ఆ కొసనున్న బూన్ లే దాకా ఎవరికి పాస్‌పోర్టు చిక్కొచ్చినా "వసుంధరక్కని అడగండి" అనేవారట. అది విని నేను లోలోపల పొంగిపోయేదాన్ని. ఆ పొంగు ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా స్వభావం ముందే చెప్పాలి. గ్యాస్ కట్టేశానో లేదోనని బస్‌స్టాపు దాకా వచ్చి మళ్ళీ లిఫ్టెక్కి ఇంటికి పోయే రకాన్ని నేను. మా ఆయన దీన్ని జబ్బు అంటారు. మా బాస్ సెల్వం సార్ మాత్రం ఇది చూసే నాకు ఉద్యోగం ఇచ్చారు. ఆయన సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన తమిళాయన, పాస్‌పోర్టులు తిరగేస్తూ తల నెరిసిన మనిషి. చేరిన మొదటి రోజే నాకొకటి నేర్పారు. పాస్‌పోర్టుని పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి చదవాలి. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి. దాన్ని మెషీన్ రీడబుల్ జోన్ అంటారు, అంటే యంత్రం చదువుకునే చోటు. అందులో నేషనాలిటీ కోడ్ ఉంటుంది. ఆ మనిషి ఏ దేశపు పౌరుడో చెప్పే మూడక్షరాలు అవి. "కవర్ కెన్ బ్లఫ్ యూ. బాటమ్ లైన్ కెనాట్ లా" అనేవారు సార్, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలించి. అట్ట మోసం చెయ్యొచ్చు గాని అడుగు వరస చెయ్యలేదని.

యూరప్ పాస్‌పోర్టులన్నీ ఒకటే అనుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. దూరం నుంచి చూస్తే నిజమే, చాలావాటికి అదే మెరూన్ అట్ట. తెరిస్తే మాత్రం ఒక్కో దేశానిది ఒక్కో తీరు. జర్మనీ వాళ్ళు డాక్టరేట్ ఉన్నవాడికి పేరుతో పాటే డాక్టర్ అని వేస్తారు. దాన్ని కూడా పేరే అనుకుని టికెట్లో కొట్టేసి ఒకసారి చివాట్లు తిన్నాను. పైగా అందరికీ మూడక్షరాల కోడ్ ఉంటే వాళ్ళది ఉత్త డి. నెదర్లాండ్స్‌లో పెళ్ళయినా ఆడవాళ్ళకి పుట్టింటి పేరే అసలు పేరు, ఫలానావారి భార్య అని పక్కన పొడి అక్షరాలు వేస్తారు. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లిది తర్వాత. పక్కనే ఉన్న పోర్చుగల్‌లో సరిగ్గా తిరగేసి. ఫ్రాన్స్ పాస్‌పోర్టులో ఎత్తెంతో, కళ్ళు ఏ రంగో కూడా ఉంటాయి, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. స్విట్జర్లాండ్ అసలు యూరోపియన్ యూనియన్ గుంపులోనే చేరలేదు, దాని అట్ట కూడా వేరే ఎరుపు. ఇంటిపేరు ముందు పెట్టుకునే ఇళ్ళల్లో పుట్టి, ఫారాల కోసం దాన్ని చివరికి తోసుకున్నవాళ్ళం కదా మనం. అందుకేనేమో ఈ తేడాలు చూడడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

వీటన్నిటిలోకీ తిరకాసు బ్రిటిష్‌ది. ఆ పేరుతో ఉన్నది ఒక్క పాస్‌పోర్టు కాదు. ఒకప్పుడు ఏలిన చోట్లన్నీ వదిలేసి వెళ్ళేటప్పుడు, అక్కడక్కడా ఉన్నవాళ్ళకి రకరకాల పౌరసత్వాలు మిగిల్చి వెళ్ళారు. అసలైన బ్రిటిష్ పౌరుడి కోడ్ జీబీఆర్. అతను ఆ దేశంలో ఉండొచ్చు, ఉద్యోగం చెయ్యొచ్చు, అప్పట్లో యూరప్ అంతా తిరగొచ్చు. జీబీవో అని ఇంకొకటి ఉంది. బ్రిటిష్ ఓవర్సీస్ సిటిజన్. పుస్తకం బ్రిటన్ వాళ్ళే ఇస్తారు, కాని బ్రిటన్‌లో కాపురం ఉండే హక్కు ఇవ్వరు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు.

నీలవేణి మలేషియా తెలుగమ్మాయి. ముత్తాత విశాఖ వైపు నుంచి కొబ్బరితోటల్లో పనికి వచ్చారట. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. బూన్ లేలో గది తీసుకుని, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేది. అంతకుముందు ఒకసారి మా ఆఫీసుకి వచ్చి, తెలుగు మాట కోసమే అన్నట్టు అరగంట కూర్చుంది. ఆమెది నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు. మధ్యలో మలాయ్ మాటలు, తమిళం మాటలు దొర్లేవి. పాస్‌పోర్టుని బుక్కు అనేది. వాళ్ళ నాన్న పెనాంగ్‌లో, ఇంకా ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి ఉన్న రోజుల్లో పుట్టారని, అందుకని తనకి బ్రిటిష్ బుక్కు కూడా వచ్చిందని ఆ రోజే ఏదో మాటల్లో చెప్పిందట. నాకు గుర్తు లేదు. నేను ఆ పుస్తకం చూపించమని అడగలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. నా ఎదురుగా ఒకాయన వీసా ఫొటో కొలత మీద గొడవపడుతున్నాడు. ఇంకో ఫోన్ మోగుతోంది. రిసీవర్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేత్తో ఫారం నింపుతూ మాట్లాడాను.

"అక్కా, నాను నీలవేణిని. నాకు లండన్లో ఉద్యోగం ఒచ్చింది. వచ్చే వారం పోవాల."

"మంచిదమ్మా. చెప్పు."

"నాది బ్రిటిష్ బుక్కు గదా. ఈ బుక్కుంటే ఇంకోటి అక్కర్లేదు గదక్కా?"

"బ్రిటిష్‌దైతే ఇంకేం అక్కర్లేదమ్మా. హాయిగా వెళ్ళు. కాపీ ఒకటి ఫ్యాక్స్ చెయ్యి, టికెట్ వేస్తాను."

అంతే. నిమిషం కూడా పట్టలేదు. రోజుకి ముప్ఫై మంది నన్ను అడిగేది ఒకటే ప్రశ్న, వీసా కావాలా అక్కర్లేదా అని. ఆమె "ఇంకోటి" అంటే నాకు వీసా అని వినపడింది. తెలుగులో మనం సగం మాట మింగేసి మాట్లాడతాం, మిగతా సగం ఎదుటివాళ్ళు పూరించుకుంటారు. ఏది అక్కర్లేదో నేనూ చెప్పలేదు, ఆమే చెప్పలేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికే ఫ్యాక్స్ వచ్చి ట్రేలో పడి ఉంది. మెట్ల దాకా జనం ఉండడంతో చూడడానికి పదిన్నర అయింది. అలవాటు ప్రకారం ముందు అడుగునున్న వరసలోకే చూశాను. జీబీవో అని ఉంది. నల్లమసిలో ముద్దగా పడ్డ ఆ చివరి అక్షరం ఆర్ అయి ఉంటుందేమోనని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. పైన నేషనాలిటీ దగ్గర పూర్తిగానే ఉంది, బ్రిటిష్ ఓవర్సీస్ సిటిజన్ అని. దాని కింద నీలవేణి చేతిరాతతో ఇంగ్లీషులో రెండు లైన్లు. ఈ పొద్దున మలేషియా హైకమిషన్‌కి వెళ్ళి పౌరసత్వం వదులుకునే ఫారంతో ఆ దేశపు బుక్కు ఇచ్చేస్తున్నాను, టికెట్లో బ్రిటిష్ నంబర్ మాత్రమే వెయ్యండి అని.

ఆ లైన్లు రెండుసార్లు చదివాను. నిన్న ఆమె అన్న "ఇంకోటి" అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది, వీసా కాదు, ఇంకో పాస్‌పోర్టు.

చదివేవాళ్ళకి ఇక్కడ సంగతి స్పష్టంగా చెప్పాలి. మలేషియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. వదులుకుంటానని ఫారం ఇస్తే వదులుకున్నట్టే, మళ్ళీ రమ్మంటే అంత సులువుగా రాదు. ఆ తర్వాత నీలవేణి చేతిలో మిగిలేది జీబీవో పుస్తకం ఒక్కటే. దానితో లండన్ విమానాశ్రయంలో దిగితే, ఉద్యోగానికి వచ్చానంటే లోపలికి రానివ్వరు. వెనక్కి మలేషియా వెళ్దామంటే ఆమె ఇక వాళ్ళ మనిషి కాదు. సింగపూర్‌లో ఉందామంటే ఇక్కడి ఉద్యోగపు పాస్ కూడా ఆ మలేషియా పాస్‌పోర్టు మీద ఇచ్చిందే. చక్కగా అచ్చేసిన పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, ఈ భూమ్మీద నిలబడే చోటు లేని మనిషైపోతుంది.

ఆమె హ్యాండ్‌ఫోన్‌కి చేశాను. స్విచాఫ్. ఆఫీసుకి చేస్తే ఈ రోజు రాలేదన్నారు. హైకమిషన్ నంబరు ఎన్నిసార్లు తిప్పినా ఎంగేజ్. ఇక ఆ కాగితం పట్టుకుని సెల్వం సార్ గదిలోకి వెళ్ళాను. ఆయన అడుగునున్న వరస మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"వాట్ డిడ్ యూ టెల్ హర్?"

"వీసా గురించి అడిగిందనుకున్నాను సార్. ఫోన్‌లో లైన్ సరిగా లేదు."

లైన్ శుభ్రంగా ఉంది. ఆయన కళ్ళజోడు మీంచి నన్నొకసారి చూసి, "టేక్ టాక్సీ. గో, గో" అన్నారు. కౌంటర్‌లో నా కుర్చీలో ఆయనే కూర్చున్నారు. నేనున్న నాలుగేళ్ళలో ఆయన కౌంటర్‌లో కూర్చోవడం అదే మొదటిసారి.

టాక్సీ ఆర్చర్డ్ రోడ్డు దగ్గర ఇరుక్కుంది. పదకొండూ ఐదు. పన్నెండున్నరకి కౌంటర్లు మూసేస్తారని నాకు తెలుసు. అయితే ఆమె ఎన్నింటికి వెళ్ళిందో తెలియదు. పొద్దున్నే వెళ్ళి ఉంటే ఈపాటికి అయిపోయి ఉంటుంది. టాక్సీ అంకుల్ అద్దంలో చూసి, "లేట్ ఫర్ ఫ్లైట్ ఆ?" అని అడిగాడు. కాదన్నాను. "దెన్ వై సో కాన్‌చియాంగ్?" అన్నాడు. కంగారుపడేవాళ్ళని ఇక్కడ అలాగే అంటారు. మా అమ్మాయికప్పుడు ఆరేళ్ళు. ఈ అమ్మాయికీ ఎక్కడో ఒక అమ్మ ఉంటుంది కదా అని ఒకటే రొద, తల లోపల.

హైకమిషన్ హాల్లో కుర్చీలు దాదాపు నిండి ఉన్నాయి. గోడ మీద ఎర్రంకెల్లో నూట పదకొండు. మూడో వరసలో నీలవేణి కనపడింది. ఒళ్ళో ఫైలు, చేతిలో చీటీ. చీటీ మీద నూట పద్దెనిమిది. ఆమె పక్కనే ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"ఏటక్కా, ఇక్కడికొచ్చీసారు?" అని నవ్వింది.

"నీలవేణీ, ఆ ఫారం ఇవ్వకు."

"ఎందుకు?"

ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. జీబీఆర్, జీబీవో, ఓవర్సీస్ అన్నీ. ఆమె ముఖంలో నవ్వు పోయింది గాని, నమ్మకం రాలేదు. కోపం వచ్చింది.

"నిన్న మీరే గదా సెప్పారు అక్కర్లేదని? ఈ ఉద్యోగం ఇప్పించిన ఏజెంట్ కూడా అదే సెప్పాడు. రెండు బుక్కులుంటే అక్కడ పట్టుకుంటారు, మలేషియాది వదిలీ, నో ప్రాబ్లమ్ లా అన్నాడు. నాను ఉద్యోగానికి రిజైన్ చేసీసినాను. రూము కాళీ చేసీసినాను. ఇప్పుడొచ్చి ఇవ్వొద్దంటారేటి?"

"నేను వీసా అనుకున్నానమ్మా. ఫోన్‌లో సరిగ్గా వినపడలేదు."

"నాకు బాగా వినపడింది. బ్రిటిష్‌దైతే ఇంకేం అక్కర్లేదమ్మా, హాయిగా ఎల్లు అన్నారు. అలాగే అన్నారా లేదా?"

నూట పదమూడు. ఆమె నా వైపు చూడడం మానేసి అంకెల వైపు చూస్తోంది. నా పని ఏమిటంటే జనానికి ధైర్యం చెప్పడం. కౌంటర్‌లో కూర్చున్న మనిషి తడబడితే ఎదుటివాళ్ళు ఇంకో ఏజెన్సీకి పోతారు. తప్పు నాది అనే మాట ఆ నాలుగేళ్ళలో నేనెవరితోనూ అనలేదు. ఎప్పుడూ సిస్టం డౌన్, లేకపోతే ఎంబసీ ఆలస్యం, అదీ కాకపోతే లైన్ బాగాలేదు.

"అన్నాను" అన్నాను. "లైన్ బాగానే ఉంది. ఇంకొకరితో మాట్లాడుతూ, నీ బుక్కు ఏమిటో అడక్కుండా నోటికొచ్చింది చెప్పేశాను. తప్పు నాదే నీలవేణీ. నీకు లండన్ వెళ్ళడం ఇష్టమైతే వెళ్దువుగాని. ఈ ఒక్క ఫారం మాత్రం ఈ రోజు ఇవ్వకు."

ఆమె తల తిప్పి చూసింది. "ఈ లండన్ పని మీద తిరిగిన మూడు నెలల్లో తప్పు నాదే అని ఒక్కరూ అనలేదక్కా" అంది. కోపం పోలేదు గాని, ఫైలు తెరిచి బ్రిటిష్ బుక్కు బయటికి తీసింది.

కోడ్ చూపించాను. నేషనాలిటీ చూపించాను. లోపలి పేజీలో ముద్ర కొట్టిన వాక్యం చూపించాను, ఈ పుస్తకం గలవారు ఇమిగ్రేషన్ నియంత్రణకి లోబడి ఉంటారని. అక్షరాలు చదువుతోంది గాని మనసుకి ఎక్కడం లేదు. ముందు వరసలో చెమటకి చొక్కా తడిసిపోయిన ఒక తెల్లాయన కూర్చుని ఉన్నాడు. ఏదో ఉద్యోగపు పర్మిట్ పని మీద వచ్చినట్టున్నాడు, జేబులోంచి మెరూన్ అట్ట కొస కనపడుతోంది. సిగ్గు విడిచి భుజం తట్టాను. మీ పాస్‌పోర్టు తెరవను, అట్ట మాత్రం ఒకసారి చూడనివ్వండి, ఈ అమ్మాయికి చాలా అవసరం అన్నాను. ఆయన ముందు అనుమానంగా చూశాడు. నీలవేణి ముఖం చూసి, తన చేతిలోంచి వదలకుండానే దాన్ని ఆమె పుస్తకం పక్కన పట్టుకున్నాడు.

రెండింటి మీదా బంగారు రంగులో అదే సింహం, అదే ఒంటికొమ్ము గుర్రం. అదే మెరూన్. ఆయన దాని మీద అన్నిటికన్నా పైన యూరోపియన్ యూనియన్ అని ఒక వరస ఉంది. ఆమె దాని మీద ఆ వరస లేదు. అక్కడ ఉత్త అట్ట.

నీలవేణి ఆ ఖాళీ చోటు మీద వేలితో రాసి చూసింది, అక్షరాలు చెరిగిపోయాయేమో అన్నట్టు. "మరి ఇదేటక్కా?" అంది. "మా నాన్న దీన్ని ఇనపపెట్టెలో పెట్టి తాళం ఏసేవాడు."

"శుభలేఖ ఇచ్చారు గాని భోజనానికి పిలవలేదమ్మా."

ఏడుస్తూనే నవ్వింది. తెల్లాయన "ఆర్ యూ ఆల్ రైట్?" అని అడిగి, తన జేబురుమాలు ఇచ్చి ముందుకి తిరిగాడు. నూట పద్దెనిమిది వచ్చింది. ఆమె లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. నేను వెనక నుంచి ఆమె మోచేతినే చూస్తూ కూర్చున్నాను, అది ముందుకి చాస్తుందా అని. ఏదో మలాయ్‌లో మాట్లాడి, ఫారం చేతిలోనే ఉంచుకుని వెనక్కి వచ్చేసింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కథని పదిమందికి గొప్పగా చెప్పుకుని ఉండేదాన్ని. మెట్ల దాకా వచ్చాం. ఆమె రుమాలుతో ముఖం తుడుచుకుంటూ హఠాత్తుగా ఆగిపోయింది.

"అక్కా, సూరి."

"సూరి ఎవరు?"

"మా తమ్ముడు. ఈపోలో కంప్యూటర్ షాపులో చేస్తన్నాడు. వాడికీ ఇదే బుక్కు. వాడూ నాతోటే లండన్ ఒస్తానన్నాడు. ఫారం ఇవ్వాలంటే భయపడతన్నాడు. నిన్న మీతో మాటాడినాక వాడికి ఫోన్ చేసి సెప్పాను, అక్కడ పెద్దాఫీసులో పనిచేసే అక్కని అడిగాను, అక్కర్లేదంట, పొయ్యి ఇచ్చీ అని."

నేను అన్న మాట నా కంటే ముందే సరిహద్దు దాటి, మలేషియాలో ఉన్న ఈపో చేరిపోయింది. ఆ మెట్ల మీద ఎండలో నిలబడి, ఆమె ఫోన్ ఆన్ చేసి నంబరు నొక్కింది. నాకు ఒకవైపు మాటలే వినపడ్డాయి. "ఇచ్చీసావా?... ఎన్నింటికి?... ఐసీ కూడానా?" ఐసీ అంటే వాళ్ళ గుర్తింపు కార్డు. ఎనిమిదిన్నరకే ఆ ఊళ్ళోని పౌరసత్వ ఆఫీసు తలుపులు తీయగానే వెళ్ళి, ఫారం, పాస్‌పోర్టు, కార్డు అన్నీ ఇచ్చి సంతకం పెట్టేసి, షాపుకి పోయి పని చేసుకుంటున్నాడు సూరిబాబు.

మళ్ళీ లోపలికి పరిగెత్తాం. పన్నెండూ పది. ఇందాకటి కౌంటర్‌లో ఉన్నావిడ నడివయసు మలాయ్ ఆవిడ, భోజనానికి లేవబోతోంది. నీలవేణి అద్దానికి రెండు చేతులూ ఆనించి చెప్పింది. నేనూ మధ్యలో ఇంగ్లీషులో దూరాను. ఆవిడ విసుక్కోలేదు. మళ్ళీ కూర్చుంది.

"నాట్ యెట్ రిజిస్టర్డ్, స్టిల్ కెన్ విత్‌డ్రా. బట్ మస్ట్ గో టుడే. సేమ్ ఆఫీస్. టుమారో, ఐ కెనాట్ సే" అంది. పై ఆఫీసుకి వెళ్ళి రిజిస్టరులో ఎక్కేదాకా అది ఉత్త కాగితమేనని, ఎక్కాక మాత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదని చెప్పింది. ఫారం వెనక్కి తీసుకుంటున్నానని ఇచ్చే ఉత్తరంలో ఏం రాయాలో కూడా ఆవిడే ఒక చీటీ మీద మలాయ్‌లో నాలుగు వాక్యాలు రాసిచ్చింది.

నీలవేణి ఆ నాలుగు వాక్యాలూ ఫోన్‌లో చదివింది, ఒక్కో మాట రెండేసి సార్లు. అవతల తమ్ముడు రాసుకున్నాడు. ఇద్దరం మా ఆఫీసుకి వచ్చి నా కౌంటర్ వెనక కూర్చున్నాం. అన్నం తెప్పిస్తే ముట్టుకోలేదు. ఆ కుర్రాడు మోటార్ సైకిల్ మీద వెళ్ళాడని మాత్రం తెలుసు. దారిలో ఏదైనా అయితే అని నాకు కొత్త భయం పట్టుకుంది. నాలుగింటికి పావుగంట ముందు ఫోన్ మోగింది. ఉత్తరం తీసుకున్నారు, కాపీ మీద రబ్బరు స్టాంపు వేసిచ్చారు, కాని ఏ సంగతీ తర్వాత చెప్తామన్నారు. ఫారం అప్పటికే మధ్యాహ్నం టపా సంచీలో పై ఆఫీసుకి వెళ్ళిపోయిందట.

ఆ తర్వాత పదకొండు వారాలు. నా మట్టుకు నాకు అంత పొడుగు రోజులు మళ్ళీ రాలేదు. ఆఫీసు ఫోన్ మోగితే చేతిలో పని వదిలేసి నేనే ఎత్తేదాన్ని. పొద్దున పళ్ళు తోముకుంటుంటే, నేను ముఖం కూడా చూడని ఆ అబ్బాయి ఏ పోలీసైనా కార్డు చూపించమంటే ఏం చూపిస్తాడా అని ఆలోచన వచ్చేది. మొదటి వారంలోనే సెల్వం సార్‌కి నిజం చెప్పేశాను, "ఆ రోజు లైన్ బాగానే ఉంది సార్" అని. ఆయన పేపరు దించకుండానే "ఐ నో లా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

నీలవేణి లండన్ వెళ్ళలేదు. బ్రిటిష్ హైకమిషన్‌కి తనే రాసి అడిగింది. అక్కడ ఉండే హక్కు లేదని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. పాత కంపెనీవాళ్ళు బతిమాలితే తిరిగి చేర్చుకున్నారు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాకు ఫోన్ చేసేది. "ఏటీ రాలేదక్కా" అనేది. "వస్తుందిలే అమ్మా" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. అది కూడా నాకు తెలియని విషయమే కదా.

పన్నెండో వారం శుక్రవారం దాకా ఆగలేదు. మంగళవారమే చేసింది. "అక్కా, సూరి ఐసీ ఎనక్కొచ్చీసింది. బుక్కు కూడా." నేను రిసీవర్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కౌంటర్ దగ్గర గాని ఫోన్‌లో గాని ఉత్తి "అక్కర్లేదు" అని అనను. ఏది అక్కర్లేదో దాని పేరు పెట్టి చెప్తాను. పుస్తకం కంటితో చూడందే జవాబివ్వను. అంతా అయ్యాక, "నేనేం చెప్పానో మీరు నాకొకసారి చెప్పండి" అంటాను. చాలామందికి విసుగు. మమ్మల్ని చిన్నపిల్లల్ని చేస్తున్నారా మేడమ్ అని లేచిపోయినవాళ్ళూ ఉన్నారు. పోనీ అనుకుంటాను. అలా తిరిగి చెప్పించుకోవడంలో ఎంతమంది నా మాటకి నేను అనుకోని అర్థం చెప్పారో, వింటే ఆశ్చర్యపోతారు.

ఆ ఏడాది దీపావళి సెలవులకి అక్కాతమ్ముళ్ళిద్దరూ మా ఆఫీసుకి వచ్చారు. సూరిబాబుని చూడడం అదే మొదటిసారి. సన్నగా, పొడుగ్గా, చెవులు కొంచెం బయటికొచ్చి ఉన్నాడు. ఈపో బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, "మీరు లేపోతే నాకు దేశం లేదక్కా. ఏజెంట్ మాటిని పోయాను. మీ వల్లే ఎనక్కొచ్చింది. అక్క అంతా సెప్పింది" అన్నాడు. నేను నీలవేణి వైపు చూశాను. ఆమె గోడ మీది కేలెండర్ చూస్తోంది. నా సంగతి దాచి, ఆ రోజు ఫోన్‌లో తను చెప్పిన పెద్దాఫీసు అక్క ఏజెంట్ దగ్గరి మనిషని నమ్మించి, నేరమంతా ఏజెంట్ మీదికి తోసేసిందని అర్థమైంది. ఆ డబ్బా తీసుకున్నాను. "పరవాలేదు బాబూ" అన్నాను.

నిజం నా నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. ఆ రోజు హైకమిషన్ హాల్లో నీలవేణితో తప్పు నాదే అనగలిగానంటే, అలా అంటేనే ఆమె ఆగుతుందని. పని జరగడం కోసం తప్పు ఒప్పుకోవడం నేర్చుకున్నాను. పరువు తప్ప పోయేదీ, వచ్చేదీ ఏమీ లేని చోట ఒప్పుకోవడం మాత్రం నాకు ఇన్నేళ్ళు పట్టింది. సూరిబాబూ, నిన్ను ఆ పొద్దున ఆఫీసు తలుపులు తీసేసరికి అక్కడ నిలబెట్టింది ఏజెంట్ కాదు నాయనా, నేను.